రంపం కొనే ముందు పెరట్లో చెట్టును చూడండి

మడత రంపం కొనడానికి వెళ్లినవారు దుకాణంలో మొదట పొడవు చూస్తారు, తరువాత ధర అడుగుతారు, ఆపైన పిడి పట్టుకుని గాలిలో రెండుసార్లు ఊపుతారు. ఆ రంపం తమ ఇంట్లో పనికివస్తుందో లేదో ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. చెప్పేవి పళ్లు. అవి ఎంత పెద్దవి, వాటి మధ్య సందు ఎంత, ఎటు వాలి ఉన్నాయి, మొనలను ఎలా గట్టిపరిచారు అన్నది తెలిస్తే కంపెనీ పేరు దాదాపు అనవసరం.

పళ్ల సంగతి తేలాలంటే మరి కోయబోయే చెట్టేదో తెలియాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే సలహాలు చాలావరకు పైన్, స్ప్రూస్, బర్చ్ వంటి చలిదేశపు చెట్లను మనసులో పెట్టుకుని రాసినవి. అనంతపురంలో ఎవరి పెరట్లోనూ స్ప్రూస్ ఉండదు. వేప, కానుగ, జామ, మునగ ఉంటాయి, పొలం గట్టున చింత ఉంటుంది, గోడ అవతల సర్కారు తుమ్మ ఉంటుంది. పైన్ దుంగను నిమిషంలో కోసేసిన వీడియో చూసి కొన్న రంపం ఎండిన తుమ్మ మొద్దు దగ్గర మొరాయిస్తే తప్పు రంపానిది కాదు.

రెండో చిక్కు, ఒకే రంపంతో రెండు పనులు గడుపుకోవాలన్న కోరిక. ఇంట్లో కొమ్మలు కోయాలి, గండికోటలో టెంటు వేసుకున్నప్పుడు చలిమంటకు కట్టెలూ కోయాలి. మొదటిది పచ్చి కొమ్మ, రెండోది ఎండు కట్టె, ఈ రెండూ కోరే పళ్లు వేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాయలసీమలో ఉండేవారు రంపాన్ని పెరటి కోసమే ఎంచుకోవాలి. టెంటు దగ్గర దానికి దొరికే పని మనం ఊహించుకునేంత ఉండదు. అందుకు కారణాల్లో సగం చట్టానికి సంబంధించినవి, వాటి దగ్గరకు తరువాత వద్దాం.

గొడ్డలి, మచ్చుకత్తి ఇంట్లో ఉండగా రంపం దేనికని పెద్దవాళ్లు అడుగుతారు. కంప కొట్టడానికి, కొబ్బరి మట్టలు చీల్చడానికి మచ్చుకత్తిని మించినది లేదు. బతకవలసిన చెట్టు మీద మాత్రం దాని దెబ్బ చెడ్డది. కొమ్మ తెగేలోపు బెరడు చితికి చీలుతుంది, ఆ చీలికలోకి నీరు, బూజు చేరతాయి. రంపం నున్నటి కోత ఇస్తుంది. ఇరుకు కొమ్మల మధ్య చెయ్యి విసిరే చోటు లేనప్పుడూ అదే దిక్కు. మడత పెట్టే ఏర్పాటు పళ్ల రక్షణ కోసం, మన వేళ్ల రక్షణ కోసం. బండి డిక్కీలోనో సంచిలోనో వేసుకుపోవచ్చు. నిచ్చెన ఎక్కేటప్పుడు మూసి జేబులో పెట్టుకోవచ్చు, ఇది చిన్న విషయమేమీ కాదు.

లాగితే కోసేది, నెడితే వంగేది

బజారులో దొరికే మామూలు హ్యాండ్‌సా, ఇనుము కోసే హ్యాక్సా నెట్టేటప్పుడు కోస్తాయి. కొమ్మలు కోసే మడత రంపాలు దాదాపు అన్నీ లాగేటప్పుడు కోస్తాయి. పళ్లు పిడి వైపు వాలి ఉండటమే గుర్తు. తాడును లాగితే బిగుస్తుంది, నెడితే కుప్పపడుతుంది. పలచటి ఉక్కు రేకు తీరూ అంతే. లాగుతున్నంతసేపూ బ్లేడు బిగువు మీద ఉండి నిటారుగా నిలుస్తుంది, కాబట్టి దాన్ని ఒక మిల్లీమీటరు చిల్లర మందంతో చేసినా చాలు. నెట్టి కోసే రంపం వంగకుండా ఉండాలంటే మందంగా ఉండాలి, లేదా హ్యాక్సాకు ఉన్నట్టు చట్రం ఉండాలి. బ్లేడు పలచనైతే కోత గాడి సన్నం. గాడి సన్నమైతే పొట్టుగా మార్చవలసిన కట్టె తక్కువ, అంటే మన చేతికి పని తక్కువ. మడత రంపం ఇంత చిన్నదై ఉండీ చకచకా కోయడం వెనుక ఉన్న కిటుకు ఇదే.

ఈ పలచదనమే దాని బలహీనత కూడా. హ్యాక్సా అలవాటున్నవారు ముందుకు తోసేటప్పుడు బలం వేస్తారు. బ్లేడు కొమ్మలో చిక్కుకుని ఉండగా అలా తోస్తే మధ్యలో మడత పడుతుంది. ఒకసారి పడ్డ మడతను సుత్తితో సరిచేసినా ఆ రంపం ఇక తిన్నగా కోయదు. లాగేటప్పుడు బలం, వెళ్లేటప్పుడు ఊరికే జార్చడం అన్న లయ చేతికి రావాలి. పనికి వచ్చిన మనిషికి మీ రంపం ఇచ్చే ముందు ఈ ఒక్క ముక్క చెప్పండి.

పచ్చికి ఒక పళ్లు, ఎండుకు ఒక పళ్లు

పచ్చి కొమ్మ నీటితో నిండి ఉంటుంది. అప్పుడే కోసిన కొమ్మలో ఉన్న నీటి బరువు, అదే కట్టె పూర్తిగా ఎండాక తూగే బరువులో సగానికి మించి ఉండవచ్చు. దాన్ని కోస్తే వచ్చేది పొడి పొట్టు కాదు, తడి పీచు. ప్రతి పన్నూ తాను చెక్కిన పీచును తన ముందున్న సందులో నింపుకుని కొమ్మ అవతలి అంచు దాకా మోసుకుపోయి బయట రాల్చాలి. సందు చిన్నదైతే సగం దారిలోనే నిండిపోతుంది. ఆపైన పన్ను కట్టెను తాకదు, నిండిన పీచు మీద జారుతుంది. రంపం ఆడుతూనే ఉంటుంది, కోత సాగదు. పైగా తడి కట్టె గోడలు బ్లేడును రెండువైపులా పట్టుకుంటాయి. అందుకే పచ్చి కొమ్మలకు పెద్ద పళ్లు, లోతైన సందులు కావాలి. కొమ్మ లావయ్యే కొద్దీ ఈ అవసరం పెరుగుతుంది, ఎందుకంటే పీచును మోయవలసిన దూరం పెరుగుతుంది.

ఎండు కట్టె కథ వేరు. పొట్టు పొడిగా రాలిపోతుంది కాబట్టి సందు చిన్నదైనా ఇబ్బంది లేదు. కట్టె గట్టిపడి ఉంటుంది కనుక పెద్ద పన్ను ఒక్కసారిగా ఎక్కువ చెక్కబోయి తగులుకుని ఎగురుతుంది, చెయ్యి అదురుతుంది, ముడి దగ్గర మొన విరుగుతుంది కూడా. చిన్న పళ్లు ఎక్కువ సంఖ్యలో ఉంటే పని పంచుకుంటాయి.

ఇక లెక్కలు. అంగుళానికి 5, 6 పళ్లున్న రంపం పచ్చి కొమ్మలది. 9, 10 ఆపైన ఉన్నవి ఎండు కట్టెకు, వెదురుకు, పీవీసీ గొట్టాలకు. 7, 8 ఉన్నవి మధ్యేమార్గం. జపాన్ రంపాలతో మాత్రం జాగ్రత్త. వాటి పెట్టె మీద పళ్ల సంఖ్యను 30 మిల్లీమీటర్లకు ఇస్తారు, అంగుళమేమో 25.4 మిల్లీమీటర్లే. పెట్టె మీద 10 అని ఉంటే అంగుళానికి సుమారు ఎనిమిదిన్నర అన్నమాట. ఈ తేడా తెలియక సన్న పళ్ల రంపమనుకుని మధ్యరకాన్ని పక్కన పెట్టేవారున్నారు.

పళ్ల సంఖ్యకూ కొమ్మ లావుకూ మరో సంబంధం ఉంది. ఏ క్షణంలోనైనా కనీసం మూడు పళ్లు కట్టెలో ఉండాలి, లేకపోతే రంపం తగులుకుంటూ గెంతుతుంది. అంగుళానికి 7 పళ్లంటే పన్నుకూ పన్నుకూ మధ్య 3.6 మిల్లీమీటర్లు. మూడు పళ్లు పట్టాలంటే కొమ్మ సుమారు 11 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే సన్నపు రెమ్మలను రంపంతో కోయబోవడం చెయ్యి కోసుకోవడానికే. వాటికి కొమ్మల కత్తెర ఉంది. బొటనవేలి లావు దాకా కత్తెర, అక్కడినుంచి రంపం అనుకుంటే సరిపోతుంది.

ఈ లెక్కలను మన చెట్ల మీదికి తెస్తే కొంచెం సవరించుకోవాలి. సర్కారు తుమ్మనే తీసుకోండి. ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండపు చెట్టు. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న బెడ్డోమ్ 1876లో దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశారు. 1877లో నాటినది మన కడప జిల్లా కమలాపురంలోనే. వంటచెరకు కొరత తీరుతుందని తెచ్చిన మొక్క ఇప్పుడు చెరువుకట్టలను, బీడు పొలాలను, రైలుమార్గం పక్కలను ఆక్రమించింది. దీని కట్టె బరువైనది, బొగ్గుకు పేరుపడ్డది. పచ్చిగా ఉన్నప్పుడు పెద్ద పళ్లకు లొంగుతుంది. కోసి ఎండలో వారాల తరబడి పడేస్తే అదే కొమ్మ వేరే పదార్థంలా మారుతుంది. కాబట్టి తుమ్మను ఏ ముక్కలుగా కోయాలనుకుంటున్నారో కొట్టిన రోజే కోసెయ్యండి, ఎండబెట్టడం ఆ తరువాత. పైన్ లెక్కతో రాసిన సలహాల్లో ఈ మాట కనిపించదు, ఎండిన పైన్ కూడా మెత్తనే కనుక. ఇంకొకటి, రంపం పెట్టేలోపు ముళ్లు తప్పించాలి. రైతులు పంగల కర్రతో కంపను అదిమిపట్టి మచ్చుకత్తితో రెమ్మలు నరికేస్తారు. ఆ వరస మార్చవద్దు. ఈ ముల్లు చెప్పు అట్టను సునాయాసంగా దాటుతుంది.

చింత చేవ కూడా గట్టిదే. వేప మధ్యస్థం, జామ కొమ్మ లావు తక్కువైనా బిగువు ఎక్కువ. మునగకు అసలు రంపమే అక్కర్లేదనిపిస్తుంది. మెత్తని పీచు, సన్న పళ్ల రంపం పెడితే క్షణంలో మూసుకుపోతుంది. వెదురు అన్నిటికీ భిన్నం. లోపల బోలు, గోడ పలచన, కాబట్టి మూడు పళ్ల నియమం ప్రకారం సన్న పళ్లు కావాలి. పైగా దానిలో సిలికా ఉండటం వల్ల పదును త్వరగా పోతుంది. పందిళ్లకు వెదురు కోసేవారు దానికి వేరే బ్లేడు ఉంచుకోవడం మంచిది.

ఇవన్నీ కలిపి చూస్తే రాయలసీమ ఇళ్లకు అంగుళానికి 7 లేదా 8 పళ్లున్న రంపం సరైనదని నా లెక్క. పచ్చి మామిడి కొమ్మ మీద అది 5 పళ్ల రంపమంత వేగంగా పోదు. ఎండిన వేప మీద మాత్రం నిలబడుతుంది, ఎండ ఎక్కువున్న మన పెరళ్లలో ఎండు కొమ్మల పని తక్కువేమీ కాదు. రైల్వే కోడూరు వైపు మామిడి తోటలున్నవారి సంగతి వేరు. వారు పెద్ద పళ్లవే కొనాలి.

పొడవు, వంపు

బ్లేడు పొడవంతా కోయడానికి పనికిరాదు. 19 సెంటీమీటర్ల బ్లేడును 10 సెంటీమీటర్ల కొమ్మ మీద పెడితే ఆడటానికి మిగిలేది 9 సెంటీమీటర్లే. 24 సెంటీమీటర్లదైతే 14 మిగులుతుంది, ఒక్కో లాగుకు సగం పని ఎక్కువ జరుగుతుంది. కొమ్మ లావు బ్లేడులో సగం దాటకూడదన్నది ఆచరణలో తేలిన హద్దు. 30 సెంటీమీటర్ల మడత రంపాలూ ఉన్నాయి కానీ పొడవు పెరిగే కొద్దీ కీలు మీద భారం, బ్లేడు వంగే ప్రమాదం పెరుగుతాయి. ఇంటికి 21 నుంచి 24 మధ్య చాలు.

తలపై ఎత్తులో ఉన్న కొమ్మలకు వంపు బ్లేడు మేలు. లాగే కొద్దీ వంపు వల్ల పళ్లు తమంతట తామే కట్టెలోకి దిగుతాయి, మనం పైనుంచి అదమనవసరం లేదు. ఛాతీ ఎత్తులో పనికి, కర్రలు కొలతకు కోయడానికి తిన్నటి బ్లేడు చెప్పినట్టు వింటుంది. రెండింటికీ మధ్య ఎటూ తేలకపోతే కొద్దిపాటి వంపు ఉన్నది తీసుకోండి.

ఆకురాయికి లొంగని పళ్లు

బ్లేడు మీద ఎస్‌కె 5 అని రాసి ఉంటే అది జపాను ప్రమాణంలో 0.80 నుంచి 0.90 శాతం కార్బను ఉన్న ఉక్కు. పదును బాగా నిలుస్తుంది, తుప్పూ పడుతుంది. స్టెయిన్‌లెస్ కాదని చిన్నచూపు చూడనక్కర్లేదు. రంపాలకు కార్బను ఉక్కే వాడుక, తుప్పు ఆపడానికి కొందరు క్రోమియం పూత వేస్తారు. అసలు తేడా మొనల దగ్గర ఉంది. ఇప్పటి మడత రంపాల్లో చాలావాటికి పళ్ల మొనలను మాత్రమే విద్యుత్ ప్రేరణతో క్షణంలో ఎర్రగా కాల్చి వెంటనే చల్లారుస్తారు. మొన గాజంత గట్టిపడుతుంది, వెనక బ్లేడు మాత్రం వంగి లేచే గుణం పోగొట్టుకోదు. వెలుతురులో తిప్పి చూస్తే పళ్ల అంచు వెంట నీలం, నలుపు కలిసిన చార కనిపిస్తుంది.

ఈ చార ఉన్న రంపానికి సాన పట్టలేరు. ఆకురాయి కూడా ఉక్కే, పళ్లు దానికంటే గట్టివి, రాస్తే ఆకురాయే అరుగుతుంది. పాతబస్తీలో రంపాలకు పదును పెట్టే వడ్రంగి దీన్ని చేతిలోకి తీసుకుని చూసి తిరిగి ఇచ్చేస్తే ఆయనకు పని రాదని కాదు. కాబట్టి కొనేటప్పుడే ఒక ప్రశ్న అడగాలి: బ్లేడు విడిగా దొరుకుతుందా? కీలు దగ్గర బోల్టు ఉంటే మార్చవచ్చు, రివెట్టు కొట్టి ఉంటే పదును పోయిన రోజున రంపం మొత్తం పోయినట్టే. నాలుగైదు వందల్లో దొరికే రంపాల్లో రివెట్టువి చాలా ఉంటాయి. ఏడాదికి నాలుగు కొమ్మలు కోసే ఇంటికి అదీ తప్పు కాదు. తోట ఉన్నవారికి, తరచు వాడేవారికి మాత్రం బోల్టు, విడి బ్లేడు ఉన్నదే చివరికి చవక. ఆకురాయికి లొంగే పాత పద్ధతి పళ్లున్నవి దొరికితే, దగ్గరలో మంచి వడ్రంగి ఉంటే, అదీ తెలివైన బేరమే.

దుకాణంలో చేయవలసిన పరీక్ష ఒకటుంది. రంపం తెరిచి లాక్ పడనిచ్చి, పిడిని ఒక చేత్తో బిగించి, బ్లేడు కొసను మొద్దు అంచు వైపు నుంచి పట్టుకుని పక్కలకు కదపండి. కీలు దగ్గర ఆట కనిపిస్తే వదిలేయండి, అది వాడే కొద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు. లాక్ బటన్ నొక్కకుండా మూయడానికి ప్రయత్నించండి. మూసి ఉన్నప్పుడు కూడా లాక్ పడేది ఇంకా మంచిది, సంచిలో తనంతట తాను తెరుచుకోదు. పిడికి రబ్బరు పూత ఉండాలి. మే నెలలో చెమట చేతుల్లో నున్నటి ప్లాస్టిక్ పిడి నిలవదు.

పేర్ల విషయానికొస్తే, రెండు పనులకూ ఒకే రంపమన్న ఆలోచనకు పేరుపొందినది బాకో లాప్లాండర్. 19 సెంటీమీటర్ల బ్లేడు, అంగుళానికి 7 పళ్లు. జపాన్‌లోని ఓనో పట్టణంలో తయారయ్యే సిల్కీ రంపాల కోత నున్నదనానికి సాటి తక్కువ. వాటి పళ్లను పక్కలకు వంచరు, బదులుగా బ్లేడునే వీపు వైపు పలచబరుస్తారు, గాడిలో ఇరుక్కోకుండా ఉండే ఏర్పాటు అది. ధర వేలల్లో ఉంటుంది. బ్లేడు గట్టి కట్టెలో మెలిక పడితే విరిగే అవకాశమూ ఉంది కనుక అలవాటు లేని చేతికి మొదటి రంపంగా నేను చెప్పను. లుధియానా ఫాల్కన్ వంటి దేశీయ రకాలు వ్యవసాయ పనిముట్ల దుకాణాల్లో దొరుకుతాయి, పెరటికి సరిపోతాయి.

టెంటు దగ్గర రంపానికి పనేమిటి

గండికోట పెన్నా లోయ అంచున టెంట్లు వేసే అలవాటు ఈ మధ్య బాగా పెరిగింది. చుట్టూ రాళ్లు, అక్కడక్కడ ముళ్లపొదలు. కోట ప్రాంతం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ చెట్టు మీద రంపం పెట్టే ప్రశ్నే లేదు. నల్లమలకు పోతే అది పులుల అభయారణ్యం, లంకమల వన్యప్రాణి సంరక్షణ కేంద్రం. రిజర్వు అడవిలో కొమ్మ కోయడం, మంట వేయడం నేరాలు. ఎండి రాలిన కట్టె కదా అన్న వాదన అటవీ అధికారి ముందు చెల్లదు. వేసవిలో ఆ కొండల గడ్డి ఎంత త్వరగా అంటుకుంటుందో తెలిసినవారు చెల్లాలని కోరుకోరు కూడా.

శేషాచలం, పాలకొండల పరిసరాల్లో మరొక సంగతి. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు దాదాపు ఈ కొండలే. దాని అంతర్జాతీయ వ్యాపారంపై 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే) ఒప్పందం నియంత్రణ ఉంది, స్మగ్లింగ్ అరికట్టడానికి రాష్ట్రంలో ప్రత్యేక కార్యదళమే పని చేస్తోంది. సిద్ధవటం, ఒంటిమిట్ట వైపు అడవి అంచున సంచిలో కొత్త రంపంతో రాత్రిపూట కనిపించే మనిషి తాను విహారానికి వచ్చానని నమ్మించడానికి చాలా మాట్లాడవలసి వస్తుంది. అటు వెళ్లేటప్పుడు రంపం ఇంట్లో వదిలేయడమే సుఖం.

మిగిలింది సొంత పొలం, స్నేహితుల తోట, అనుమతి ఉన్న విడిది. అక్కడ రంపం పని చేస్తుంది, కానీ కట్టెలు కొనుక్కుని తెచ్చుకునే చోట్లే ఎక్కువ. ఉన్న కట్టెను పొయ్యి సైజుకు కోయడమే అసలు పని. దానికి ఏడెనిమిది పళ్ల పెరటి రంపం చాలు. ఒక మెళకువ మాత్రం తెలియాలి. దుంగ రెండు కొసలూ రాళ్ల మీద ఆనించి మధ్యలో పైనుంచి కోస్తే కోత లోతయ్యే కొద్దీ దుంగ కుంగి గాడి మూసుకుంటుంది, బ్లేడును బిగించేస్తుంది. ఒక రాయి దాటి బయటికి పొడుచుకువచ్చిన కొస దగ్గర కోయండి. తెగే ముక్క కిందికి వాలుతూ గాడిని తెరుస్తుంది.

కొమ్మ బరువు ఎటు

చెట్టు మీద కూడా సూత్రం ఇదే. పక్కకు సాగిన కొమ్మ తన బరువుతో కిందికి లాగుతుంటుంది. పై భాగం పీచు సాగి బిగువుగా ఉంటుంది, కింది భాగం నొక్కుకుని ఉంటుంది. పైనుంచి ఒకే కోత కోస్తే గాడి తెరుచుకుంటూ పని హాయిగా సాగుతుంది, కానీ చివరి వేలెడు మందం తెగకముందే కొమ్మ విరిగి, కింది బెరడును మాను దాకా చీల్చుకుంటూ పడిపోతుంది. వేప మాన్ల మీద పొడుగాటి పాత గాయాలు కనిపిస్తే వాటిలో కొన్ని ఇలా వచ్చినవే. కిందినుంచి ఒకే కోత కోస్తే గాడి మూసుకుని రంపం ఇరుక్కుంటుంది. అందుకే మూడు కోతలు. మానుకు జానెడు దూరంలో కిందినుంచి పావు వంతు, దానికి కొంచెం అవతల పైనుంచి పూర్తిగా. బరువంతా పడిపోయాక మిగిలిన మోడును మాను దగ్గర నెమ్మదిగా మూడోది.

ఆ మూడో కోత ఎక్కడ అన్నదాని మీద మన దగ్గర రెండు అలవాట్లున్నాయి. కొందరు జానెడు మోడు వదిలేస్తారు, కొందరు మానుకు సమంగా చెక్కేస్తారు. రెండూ చెట్టుకు చేటే. కొమ్మ మొదట్లో మాను కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. గాయాన్ని మూసే కణజాలం అక్కడినుంచే పుడుతుంది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది మాన్లు చీల్చి చూసి చెట్టు గాయాన్ని మాన్పుకోదనీ, దాని చుట్టూ గోడ కట్టి కుళ్లును వేరుచేస్తుందనీ చూపించారు. ఉబ్బును కోసేస్తే ఆ గోడకు పునాది పోతుంది, మోడు వదిలితే గోడ మూసుకోవడానికి అదే అడ్డం. ఉబ్బు అంచున, దాన్ని తాకకుండా కోయాలి. ఇరుకు పంగల్లో ఇది సన్నటి కొస ఉన్న మడత రంపంతో సాధ్యం, చట్రమున్న రంపంతో కష్టం.

కోసిన చోట ఏదైనా పూయాలా? షైగో తరానికి ముందు రంగులు, తారు పూసేవారు. అవి కుళ్లును ఆపలేవని తేలింది. మరి చీనీ, దానిమ్మ తోటల్లో బోర్డో పేస్టు పూయమంటారు కదా అన్న సందేహం అనంతపురం రైతుకు తప్పక వస్తుంది. రెండింటి ఉద్దేశం వేరు. తోటలో భయం కుళ్లు కాదు, చెట్టు నుంచి చెట్టుకు పాకే శిలీంధ్రాలు, దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ తెగులు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం పది లీటర్ల నీటికి కలిపిన పేస్టు ఆ దారి మూస్తుంది. పెరటి వేపకు అది అవసరం లేదు, తోటలో మానకూడదు. అయితే పేస్టు పూసి, తెగులున్న చెట్టును కోసిన రంపంతోనే పక్క చెట్టును కోస్తే పేస్టు దండగ. చెట్టు మారినప్పుడల్లా బ్లేడును సర్జికల్ స్పిరిటుతో తుడవాలి. బ్లీచింగ్ ద్రావణమూ పనిచేస్తుంది కానీ ఉక్కును తినేస్తుంది, వాడితే వెంటనే కడిగి ఆరబెట్టాలి. 2021, 2022లో వేప కొమ్మల కొసలు ఎండిపోయినప్పుడు చెట్టు చచ్చిందనుకుని మొదలంటా కొట్టించినవారున్నారు. అది శిలీంధ్రం తెచ్చిన ఎండుతెగులు, తరువాత చిగిర్చిన చెట్లు ఎన్నో. అలాంటప్పుడు కావలసింది ఎండు రెమ్మలు తీసే చిన్న రంపం, ఆ పక్కన స్పిరిటు సీసా.

తుమ్మ కోశాక బ్లేడు నల్లబడితే కంగారుపడవద్దు. తోళ్లు ఊనడానికి వాడే టానిన్ తుమ్మ బెరడులో ఉంటుంది, అది ఇనుముతో కలిస్తే నలుపే. వేప బంక, మామిడి జిగురు మాత్రం వదిలేస్తే గట్టిపడి మరుసటిసారి రంపం కదలదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, పళ్ల సందుల్లో పాత పళ్ల బ్రష్షు ఆడించి, మిషన్ నూనె పలచగా రాస్తే చాలు. కీలు దగ్గర ఇసుక చేరకుండా చూడాలి.

ఇంతకూ మీ ఇంట్లో ఉన్నవి కుండీలు, గులాబీలు, గేటు మీద కాగితంపూల తీగ మాత్రమే అయితే రంపం కొననక్కర్లేదు, మంచి కత్తెర కొనండి. కొమ్మ 12 సెంటీమీటర్లు దాటినా, కరెంటు తీగలకు దగ్గరగా ఉన్నా మడత రంపం పని కాదు. తీగల దగ్గర సరఫరా ఆపించి విద్యుత్ సిబ్బంది చేతనే కోయించాలి. చెట్టునే తీసేయాలనుకుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి, మినహాయింపు ఉన్న జాతులేవో కూడా అనుమతి ఇచ్చే కార్యాలయంలోనే చెబుతారు.